హెల్త్ ఇన్సూరెన్స్ సర్కారుదా ప్రైవేటుదా అని అడిగే ముందు చూడాల్సిన రెండు తలుపులు

ప్రైవేటు పాలసీ తీసుకోవాలా, సర్కారు పథకం ఉంటే చాలదా అని ఎవరైనా అడిగితే నేను వెంటనే జవాబు చెప్పను, ఎదురు ప్రశ్న వేస్తాను. రేపు మీకు పెద్ద జబ్బని తేలితే ఆ బీమా మిమ్మల్ని వదిలించుకోగలదా? దీనికి జవాబు దొరికితే సగం పని అయిపోయినట్టే. మిగతా సగం ఏంటంటే, ఒంట్లో బాగానే ఉన్నవాళ్లు డబ్బు కట్టకుండా పక్కకు తప్పుకునే వీలుందా అన్నది. జబ్బున్నవాణ్ని బయటికి నెట్టే తలుపు ఒకటి, ఆరోగ్యంగా ఉన్నవాడు జారుకునే తలుపు ఒకటి. రెండూ మూసి ఉంటే ఆ బీమాని ఎవరు నడిపినా పనిచేస్తుంది. ఏ ఒక్కటి తెరిచి ఉన్నా, బ్రోషర్ ఎంత ముచ్చటగా ఉన్నా, సరిగ్గా అవసరం పడ్డ రోజునే హ్యాండిస్తుంది.

సర్కారుదంటే నాసిరకం అని ఒకరు, ప్రైవేటంటేనే దోపిడీ అని ఇంకొకరు గంటలకొద్దీ వాదించుకుంటారు గానీ, ఆ వాదనలో గెలిచినంత మాత్రాన ఎవరి ఆసుపత్రి బిల్లూ తగ్గదు. అందుకని పేర్లు పక్కన పెట్టి లెక్కతో మొదలుపెడదాం.

ముందు లెక్క

వెయ్యి మంది ఉన్నారనుకోండి. ఏడాదిలో వాళ్లలో పదిమందికి పెద్ద జబ్బు చేస్తుంది, ఒక్కొక్కరి వైద్యానికి ఒక మనిషి ఏడాది జీతమంత ఖర్చవుతుంది. ఆ పదిమంది ఎవరో ముందు ఎవరికీ తెలియదు. అందరూ తలా కాస్త వేసుకుంటే ఒక్కొక్కరికి పడేది ఏడాది జీతంలో నూరో వంతు, మూడున్నర రోజుల జీతం కంటే కొంచెం ఎక్కువ. ఎవరికీ బరువు కాదు. ఇప్పుడు "నాకేమవుతుందిలే" అనుకుని ఐదొందల మంది తప్పుకున్నారు. తప్పుకున్నవాళ్లంతా గట్టిగా ఉన్నవాళ్లే కాబట్టి జబ్బుపడే పదిమందీ దాదాపుగా మిగిలినవాళ్లలోనే ఉంటారు, తలా భారం రెట్టింపవుతుంది. ఆ రేటు చూసి భయపడి ఇంకో రెండొందల యాభై మంది వెళ్లిపోతే నాలుగు రెట్లు. చివరికి మిగిలేది జబ్బున్నవాళ్లు, వాళ్లు కట్టలేని ప్రీమియం. జార్జ్ అకర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో పాత కార్ల బేరం గురించి రాసిన వ్యాసంలో, 65 దాటినవాళ్లకు ఆరోగ్య బీమా దొరకడం ఎందుకంత కష్టమో కూడా ఈ తర్కంతోనే విప్పి చెప్పాడు.

అవతలి వైపు నుంచి, అంటే కంపెనీ కుర్చీలో కూర్చుని చూడండి. వైద్య ఖర్చు జనం మీద సమానంగా పడదు. అమెరికా లెక్కలు తీస్తే, ఏ ఏడాదైనా ఎక్కువ ఖర్చయ్యే 5 శాతం మంది దగ్గరే మొత్తం ఖర్చులో దాదాపు సగం తేలుతుంది. అలాంటప్పుడు ఆ ఐదుగుర్నీ ముందే పసిగట్టి లోపలికి రానివ్వకుండా చూసుకున్న కంపెనీకి లాభం, మంచి మనసుతో అందర్నీ చేర్చుకున్న కంపెనీకి నష్టం. ఇందులో ఎవరూ దుర్మార్గులు కానక్కర్లేదు, ఆట నియమాలే అలా ఉన్నాయి. అందుకే ప్రైవేటు కంపెనీని తిట్టడం కన్నా దాని చుట్టూ ఏ చట్టం ఉందో చూడటం ఎక్కువ ఉపయోగం.

తలుపులు ఎవరు ఎలా మూశారు

జర్మనీలో ఛాన్సలర్ (ప్రధానిలాంటి పదవి) బిస్మార్క్ 1883లో కార్మికులకు జబ్బు బీమా తప్పనిసరి చేశాడు, చందాలో రెండొంతులు కార్మికుడు, ఒక వంతు యజమాని. అవి ప్రభుత్వ ఆఫీసులూ కావు, లాభాల కంపెనీలూ కావు, సభ్యుల చందాలతో నడిచే నిధులు. బ్రిటన్ ఇంకో దారి పట్టింది. 1948 జూలై 5న అన్యూరిన్ బెవన్ మంత్రిగా ఉండగా మొదలైన ఎన్‌హెచ్‌ఎస్ (జాతీయ ఆరోగ్య సేవ)లో బీమా అన్న మాటే పెద్దగా వినపడదు, పన్నుల డబ్బుతో నేరుగా వైద్యమే అందిస్తారు. మూడేళ్లు తిరక్కుండానే కట్టుడు పళ్లకీ కళ్లద్దాలకీ రుసుము పెట్టాలన్నారు, బెవన్ దాని మీద పదవే వదిలేశాడు. కళ్లద్దాల కోసం మంత్రి రాజీనామా ఏంటని నవ్వొస్తుంది గానీ, ఒకసారి చిన్న రుసుము మొదలైతే అది ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పలేరని ఆయన భయం.

స్విట్జర్లాండ్‌లో 1996 నుంచి ప్రతి ఒక్కరూ బీమా కొనాల్సిందే, అమ్మేవి ప్రైవేటు సంస్థలే. కానీ ప్రాథమిక ప్యాకేజీకి ఎవరొచ్చినా కాదనకూడదు, జబ్బు ఉందని ఎక్కువ ప్రీమియం అడగకూడదు, ఆ ప్యాకేజీ మీద లాభం తీసుకోకూడదు. నెదర్లాండ్స్ 2006లో దాదాపు ఇదే బాట పట్టింది, జబ్బుమనుషులు ఎక్కువ చేరిన కంపెనీకి మిగతావాళ్ల దగ్గర్నుంచి సర్దుబాటు డబ్బు వచ్చే ఏర్పాటుతో. తైవాన్ మాత్రం 1995లో ఒకే ఒక ప్రభుత్వ బీమా పెట్టి అందర్నీ అందులోకి తెచ్చింది.

చూశారా, స్విట్జర్లాండ్‌లో ఉన్నది ప్రైవేటు, తైవాన్‌లో ఉన్నది సర్కారు, కానీ రెండు చోట్లా తలుపులు మూసే ఉన్నాయి. అమెరికాలో 2010 చట్టం వచ్చి, 2014 నుంచి ముందున్న జబ్బు పేరుతో పాలసీ నిరాకరించకూడదనేదాకా ఒక తలుపు బార్లా తెరిచే ఉండేది. ప్రీమియంగా వసూలు చేసినదాంట్లో కనీసం 80 శాతం, పెద్ద కంపెనీల గ్రూపు పాలసీలకైతే 85 శాతం, వైద్యం మీదే ఖర్చుపెట్టాలన్న నియమం కూడా ఆ చట్టంతోనే వచ్చింది. బీమా లేనివాళ్లకు వేసే జరిమానాని తర్వాత సున్నా చేశారు, 2019 నుంచి. అంటే రెండో తలుపు మళ్లీ కాస్త తెరుచుకుంది.

జర్మనీలోనే ఇంకో పాఠం ఉంది, నాకు చాలా నచ్చేది. అక్కడ ఒక ఆదాయం దాటిన ఉద్యోగులు కావాలంటే అందరి నిధి వదిలేసి ప్రైవేటుకి వెళ్లిపోవచ్చు. కుర్ర వయసులో అది చవగ్గా, హాయిగా ఉంటుంది. 55 దాటాక తిరిగొద్దామంటే దాదాపు దారి లేదు. ఎందుకంటే కుర్రాడిగా ఉన్నప్పుడు బయటుండి, ముసలాడయ్యాక లోపలికొస్తే ఇన్నేళ్లూ కట్టినవాళ్ల మీద బరువు పడుతుంది. మీరు ఏ దేశంలో ఉన్నా సరే, సర్కారు ఏర్పాటు నుంచి బయటికి వచ్చే కాగితం మీద సంతకం పెట్టే ముందు అడగాల్సింది ఇదే: మళ్లీ రావచ్చా, ఏ వయసు వరకు, ఏ షరతు మీద?

కాగితాన్ని వెనక నుంచి చదవండి

ప్రైవేటు పాలసీ కొనేటప్పుడు అందరూ మొదటి పేజీ చదువుతారు, అందులో బీమా మొత్తం పెద్ద అక్షరాల్లో ఉంటుంది. మీరు ఎక్స్‌క్లూజన్స్ అని ఉన్న పేజీ తెరవండి. వేటికి డబ్బు ఇవ్వరో అక్కడ ఉంటుంది. తర్వాత వెయిటింగ్ పీరియడ్, అంటే పాలసీ తీసుకున్నాక ఏ జబ్బుకి ఎన్ని నెలలు ఆగాలో. తర్వాత రెన్యువల్ షరతు: జీవితాంతం రెన్యువల్ చేస్తామని రాసిచ్చారా, ఒక ఏడాది క్లెయిమ్ చేస్తే మరుసటి ఏడాది మీ ఒక్కరి ప్రీమియం పెంచుకునే హక్కు ఉంచుకున్నారా? ఈ మూడూ చూశాకే ధర.

సబ్ లిమిట్, డిడక్టబుల్, కో-పే అనే మూడు మాటలు విడివిడిగా అమాయకంగా కనిపిస్తాయి, కలిస్తేనే వాటి సంగతి తెలుస్తుంది. ఆపరేషన్ బిల్లు 100 అయిందనుకోండి. పాలసీలో ఆ ఆపరేషన్‌కి సబ్ లిమిట్ 60 అని ఉంది, కాబట్టి కంపెనీ లెక్కలోకి తీసుకునేది 60 మాత్రమే. అందులో డిడక్టబుల్ 10 మీరే పెట్టుకోవాలి, మిగిలింది 50. దాని మీద కో-పే 20 శాతం, అంటే ఇంకో 10 మీ నెత్తిన. కంపెనీ ఇచ్చేది 40, మీ జేబులోంచి పోయేది 60. బీమా మొత్తం 500 అని మొదటి పేజీలో ఉన్నా ఈ 60 తగ్గదు. అందుకే ఏజెంటుని ఒకటే అడగండి: "ఏడాదిలో ఎంత పెద్ద జబ్బు చేసినా, నా జేబులోంచి అత్యధికంగా ఎంత పోతుంది?" ఈ అంకె కాగితం మీద రాసి చూపించగలిగే పాలసీ మంచిది. చూపించలేకపోతే అది మీ రిస్కుని తీసుకోవడం లేదు, పంచుకుంటోంది అంతే.

నెట్‌వర్క్ (కంపెనీతో ఒప్పందం ఉన్న ఆసుపత్రుల జాబితా) గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. జాబితాలో పేరు చూసి ఊరుకోకండి, ఆసుపత్రికి ఫోన్ చేసి ఈ పాలసీకి క్యాష్‌లెస్ (బిల్లు కంపెనీయే నేరుగా కట్టే సదుపాయం) ఇస్తున్నారా అని అడగండి. మీకు వైద్యం చేసే డాక్టరు కూడా అందులోనే ఉన్నారా అన్నది వేరే ప్రశ్న, అదీ అడగండి.

ప్రపోజల్ ఫారం దగ్గర మాత్రం కాసేపు కూర్చోండి. మా చిన్నాన్న పాలసీ తీసుకున్నప్పుడు ఫారం ఏజెంటే నింపాడు. బీపీ ఉందా అన్న గడిలో "లేదు" అని కొట్టేశాడు, ఉందని చెబితే లేనిపోని టెస్టులంటారు, వదిలెయ్యండి సార్ అన్నాడట. చిన్నాన్న సంతకం పెట్టేశాడు. ఏళ్ల తరబడి ఒక్క క్లెయిమ్ లేకుండా ప్రీమియం కట్టుకుంటూ పోయాక గుండెకి స్టెంట్ వేయాల్సి వచ్చింది. డిశ్చార్జ్ సమ్మరీలో పాత బీపీ మాట కనపడగానే, మీరు నిజం దాచారంటూ క్లెయిమ్ తిప్పి పంపారు. నింపింది ఏజెంటే అయినా సంతకం చిన్నాన్నది. కాబట్టి ఫారం మీ చేత్తోనే నింపండి, వాడే ప్రతి మందూ రాయండి, నింపిన ఫారం కాపీ దగ్గర పెట్టుకోండి. నిజం చెప్పినందుకు ప్రీమియం కాస్త పెరిగినా, వెయిటింగ్ పీరియడ్ పడినా నష్టం లేదు, దాచితే కట్టిన ప్రీమియం మొత్తం నీళ్లపాలు కావచ్చు.

ఉద్యోగంతో వచ్చే బీమా ఒక్కటే నమ్ముకోవద్దు. అమెరికాలో ఇది పాతుకుపోవడానికి కారణం రెండో ప్రపంచయుద్ధం నాటి జీతాల నియంత్రణ. జీతం పెంచడానికి వీల్లేకపోతే కంపెనీలు పనివాళ్లను ఆకర్షించడానికి బీమా ఎర వేశాయి, అదే స్థిరపడిపోయింది. ఇందులో చిక్కేంటంటే, పనికి పోలేనంత జబ్బు చేస్తే ఉద్యోగం పోతుంది, ఉద్యోగంతో పాటు బీమా పోతుంది. గొడుగు ఎండాకాలం అంతా ఇచ్చి వానొచ్చిన రోజు లాక్కున్నట్టు. కంపెనీది ఉన్నా, చిన్నదైనా సరే మీ పేరు మీద ఒకటి ఆరోగ్యంగా ఉన్నప్పుడే మొదలుపెట్టండి.

సర్కారు పథకాన్ని కూడా ఇలాగే పరీక్షించాలి

సర్కారుది కదా అని కళ్లు మూసుకుని నమ్మేది లేదు. ప్రైవేటు బీమా ధరతో జనాన్ని ఆపుతుంది, సర్కారు ఏర్పాటు క్యూతో ఆపుతుంది. ఇంగ్లండ్‌లో డాక్టరు రాసిన రోజు నుంచి 18 వారాల్లోపు 92 శాతం మందికి చికిత్స మొదలవ్వాలని లక్ష్యం పెట్టుకున్నారు, 2016 నుంచి ఏళ్ల తరబడి దాన్ని అందుకోలేకపోయారు. తుంటి నొప్పితో మెట్లెక్కలేని మనిషికి, నీకు వైద్యం ఉచితం అని చెబితే ఆ మాట సగమే నిజం. కెనడాలో డాక్టరు దగ్గరకీ ఆసుపత్రికీ వెళితే బిల్లు ఉండదు. అయినా బయట కొనే మందులు, పళ్ల వైద్యం చాలాకాలం దాని పరిధిలోకి రాలేదు, చాలామంది వాటి కోసం ప్రైవేటు బీమా పెట్టుకుంటారు.

కాబట్టి మీకు ఏ పథకం వర్తించినా ఈ సంగతులు జబ్బు రాకముందే కనుక్కోండి. పేరు నమోదై ఉందా, కార్డులో పేరూ పుట్టిన తేదీ మిగతా కాగితాలతో సరిపోతున్నాయా (రాత్రిపూట అత్యవసర విభాగం ముందు నిలబడి స్పెల్లింగు సరిచేయించుకోవడం కన్నా నరకం లేదు). ఆసుపత్రిలో చేరితేనే వర్తిస్తుందా, రోజూ మింగే షుగర్ మాత్రలకీ వర్తిస్తుందా. నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లొచ్చా, ముందు చిన్న డాక్టరు రాసివ్వాలా. ఆపరేషన్ అయ్యాక నెలల తరబడి సాగే ఫిజియోథెరపీ సంగతేంటి. చాలా ఇళ్లు అప్పుల్లో పడేది ఒక్క పెద్ద ఆపరేషన్ వల్లే కాదు, ప్రతి నెలా తప్పని మందుల ఖర్చు వల్ల కూడా. ఆసుపత్రిలో చేరినప్పుడు మాత్రమే ఆదుకునే పథకం ఆ చిల్లుని పూడ్చదు.

చికిత్సకి రోగి దగ్గర కొంత వసూలు చేస్తేనే జనం అనవసరంగా ఆసుపత్రికి రారు అనే మాట మీరు వినే ఉంటారు. దీన్ని నిజంగానే పరీక్షించి చూశారు, 1970లలో అమెరికాలో రాండ్ అనే పరిశోధన సంస్థ చేసిన పెద్ద ప్రయోగంలో. కుటుంబాలను లాటరీ పద్ధతిలో వేర్వేరు బీమాల్లో పెట్టారు, కొందరికి అంతా ఉచితం, కొందరు జేబులోంచి కొంత కట్టాలి. కట్టాల్సినవాళ్లు డాక్టరు దగ్గరికి తక్కువ వెళ్లారు, నిజమే. కానీ అక్కర్లేని వైద్యాన్ని ఎంత మానుకున్నారో అక్కరైన వైద్యాన్నీ అంతే మానుకున్నారు. పేదవాళ్లలో, అప్పటికే జబ్బుతో ఉన్నవాళ్లలో, ఉచితంగా వైద్యం దొరికినవాళ్లకే బీపీ బాగా అదుపులో ఉంది. ఛాతీలో మంటగా ఉంటే అది గ్యాసో గుండెపోటో రోగికి ఎలా తెలుస్తుంది? అది తేల్చుకోవడానికేగా డాక్టరు దగ్గరకి వెళ్లేది. కెన్నెత్ ఆరో అనే ఆర్థికవేత్త 1963లోనే ఈ మాట పట్టుకున్నాడు: వైద్యంలో కొనేవాడికి తను కొంటున్నది ఏంటో తెలియదు, తెలిసినవాడే అమ్ముతాడు, మామూలు సరుకుల బజారులా దీన్ని చూస్తే కుదరదని.

ఏ పాలసీతోనూ దొరకనివి

ఇక్కడే వైద్యం అందరి అవసరం అనే మాట నినాదంలా కాకుండా లెక్కలా కనపడుతుంది. తట్టు రోగం వ్యాపించకుండా ఉండాలంటే సుమారు 95 శాతం మందికి టీకా పడాలి. మీ పిల్లాడికి ఎంత ఖరీదైన పాలసీ ఉన్నా, పక్కింటి పిల్లలకి టీకా లేకపోతే, టీకా వయసు రాని మీ పసిబిడ్డకు రక్షణ లేదు. 1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టరు చేసిందేంటంటే, చావులు ఎక్కడెక్కడ జరిగాయో చూసుకుంటూ వెళ్లి, ఒక నీళ్ల పంపు దగ్గర తేల్చి, దాని పిడి తీయించడం. ఆ పంపు పిడికి ఏ బీమా కంపెనీ క్లెయిమ్ ఇస్తుంది? మశూచి లేకుండా పోయిందని 1980లో ప్రకటించగలిగారంటే ఇల్లిల్లూ తిరిగి వెతికి టీకా వేసినందువల్లే.

అంబులెన్సూ అంతే. స్పృహ లేని మనిషి మూడు ఆసుపత్రుల రేట్లు పోల్చి చూసుకోలేడు.

అందుకని ఎవరైనా కొత్త ఆరోగ్య పథకం ప్రకటిస్తే బీమా మొత్తం ఎంత అని చూడకుండా, ఆ డబ్బు డాక్టర్లనీ నర్సులనీ పెంచడానికి వెళ్తోందా, ఉన్న ఆసుపత్రులకి బిల్లులు కట్టడానికే వెళ్తోందా అని చూడండి. చేతిలో కార్డు ఉండి, వెళ్లగలిగే దూరంలో డాక్టరు లేకపోతే ఆ కార్డు దేనికి?

మరి నేనైతే ఎలా కలుపుకుంటాను

సర్కారు ఏర్పాటు ఎంత అరకొరగా ఉన్నా దాన్ని వదలను, పునాది అదే. దానిమీద ప్రైవేటుది, ఖాళీలు ఎక్కడున్నాయో చూసుకుని వాటికి మాత్రమే. చిన్న చిన్న ఖర్చులకి సొంత పొదుపు, పెద్ద దెబ్బకి బీమా, కాబట్టి ప్రీమియం తగ్గించుకోవాలంటే డిడక్టబుల్ పెంచుకుంటాను గానీ సబ్ లిమిట్లున్న చవక పాలసీ జోలికి పోను. ఇంట్లో ఇప్పటికే దీర్ఘకాలిక జబ్బున్నవాళ్లుంటే లెక్క మారుతుంది: వాళ్లని ప్రైవేటు కంపెనీలు చేర్చుకోవడం ఎలాగూ కష్టమే, సర్కారు పథకంలో మందులు వచ్చేలా చూసుకోవడమే ముందు పని. పెద్దవాళ్లకి కొత్త పాలసీ కొనడం కన్నా పాతది ఏదైనా ఉంటే ఒక్కరోజు కూడా లాప్స్ కానివ్వకుండా కాపాడుకోవడం మేలు.

క్లెయిమ్ తిరస్కరిస్తే మాత్రం ఫోన్లో గొడవపడి ఊరుకోవద్దు. ఏ క్లాజు ప్రకారం కాదన్నారో రాతపూర్వకంగా అడగండి. ఆ క్లాజుని మీ పాలసీ కాగితంలో వెతికి చూడండి, చాలాసార్లు వాళ్లు చెప్పింది ఒకటి, అక్కడ ఉన్నది ఇంకొకటి. వైద్యం చేసిన డాక్టరు దగ్గర ఆ చికిత్స ఎందుకు తప్పనిసరో ఒక లేఖ రాయించుకోండి. ముందు కంపెనీ లోపలే అప్పీలు, అక్కడ కాకపోతే బీమా సంస్థల మీద ఫిర్యాదులు వినే అధికారి దగ్గరకి, గడువు దాటకుండా. మా చిన్నాన్న అలాగే చేశాడు. బీపీకీ ఫారం నింపిన నాటికీ సంబంధించిన పాత చీటీలన్నీ వెతికి, డాక్టరు లేఖ జతచేసి పంపితే, చాలా నెలల తర్వాత బిల్లులో సగానికి కాస్త తక్కువ వచ్చింది. అప్పటికే ఆ బిల్లు కోసం చేసిన అప్పుకి వడ్డీ కడుతున్నాడు. ఇప్పుడు ఇంట్లో ఎవరు ఏ ఫారం నింపినా, ఎల్‌ఐసీ అయినా రేషను కార్డయినా, ముందు చిన్నాన్న కళ్లద్దాలు పెట్టుకుని చదివాకే సంతకం.